రాత లెక్కలు పోటీ పరీక్షల్లో ఎలా చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), రైల్వే, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు, విదేశీ చదువుల కోసం జీఆర్ఈ, శాట్ రాయబోయేవాళ్లు రాత లెక్కల గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. వయసులు, పని–రోజులు, వేగం–దూరం, మిశ్రమాలు, లాభనష్టాలు అని అధ్యాయాల పేర్లు వేరుగా ఉంటాయి కానీ, దాదాపు అన్నింటి వెనకా ఉండేది ఒకటో రెండో సమీకరణాలే. వాటిని సమీకరణంతోనే తేల్చాలా, ఆప్షన్లు పట్టుకుని చేయాలా, ఒక సంఖ్య అనుకుని లాగించాలా అన్న దగ్గరే గొడవంతా. నా మాట ముందే చెప్తాను: ఏ పద్ధతి వాడాలో మన అలవాటు నిర్ణయించకూడదు. లెక్కలోని చివరి వాక్యం, దాని కింద ఇచ్చిన ఆప్షన్లు నిర్ణయించాలి.

సమీకరణం రాయకుండా ఆప్షన్లతో చేస్తే అది దొంగదారి కాదా?

పదో తరగతి పరీక్షలో అయితే స్టెప్పులకు మార్కులుంటాయి కాబట్టి సమీకరణం రాయాల్సిందే. ఇక్కడ స్టెప్పులు చూసేవాళ్లు లేరు. ఎస్ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీ అర్హత ఉద్యోగాల పరీక్ష) మొదటి దశ అయిన టైర్ 1లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు, అంటే సగటున ప్రశ్నకు 36 సెకన్లు. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాల ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలు, అంటే ఇంకా తక్కువ. ఆప్షన్లు కూడా ప్రశ్నలో ఇచ్చిన సమాచారమే. వాటిని వాడుకోకపోతే ప్రశ్నలో సగం చదవనట్టే.

ఒక వయసుల లెక్క చూద్దాం. అయిదేళ్ల క్రితం తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. మరో అయిదేళ్లకు వాళ్ల వయసుల నిష్పత్తి 7:3 అవుతుంది. తండ్రి ప్రస్తుత వయసు ఎంత? ఆప్షన్లు: 32, 37, 42, 45.

సమీకరణాలతో చేస్తే త − 5 = 4(క − 5) అని ఒకటి, 3(త + 5) = 7(క + 5) అని మరొకటి. తప్పేమీ లేదు, జవాబు వస్తుంది. కానీ ఆప్షన్ల వైపు చూడండి. అయిదేళ్ల క్రితం తండ్రి వయసు 4తో భాగించబడాలి. 32 నుంచి 5 తీస్తే 27, కుదరదు. 37 నుంచి తీస్తే 32, కుదురుతుంది. 42 నుంచి తీస్తే 37, కుదరదు. 45 నుంచి తీస్తే 40, కుదురుతుంది. ఇక 37, 45 మిగిలాయి. అయిదేళ్ల తర్వాతి వయసు 7తో భాగించబడాలి. 42 అవుతుంది, 50 అవదు. జవాబు 37. ఇందులో పెన్ను పట్టాల్సిన పని కూడా లేదు.

మూడో దారి నిష్పత్తులది. మొదటి నిష్పత్తి 4:1, తేడా 3. రెండోది 7:3, తేడా 4. తండ్రీకొడుకుల వయసుల మధ్య తేడా ఎప్పటికీ మారదు కాబట్టి రెండు తేడాలనూ 12 చేయండి. అప్పుడు 16:4, 21:9 అవుతాయి. 16 నుంచి 21కి 5 భాగాలు పెరిగింది, ఆ 5 భాగాలే 10 ఏళ్లు. ఒక భాగం 2 ఏళ్లు. అయిదేళ్ల క్రితం తండ్రికి 32, ఇప్పుడు 37.

ఆ ఆప్షన్లలో 32, 42 ఊరికే రాలేదని గమనించారా? ఒకటి అయిదేళ్ల క్రితం వయసు, ఇంకొకటి అయిదేళ్ల తర్వాతి వయసు. లెక్క అంతా సరిగ్గా చేసి, అడిగింది ఏమిటో మర్చిపోయినవాళ్ల కోసం పెట్టినవి అవి.

లెక్క కనబడగానే ముందు ఏం చూడాలి?

చివరి వాక్యం. ఏం అడిగారో తెలియకుండా మొదటి నుంచి చదివితే ప్రతి అంకె ముఖ్యమైనదే అనిపిస్తుంది. చివరి వాక్యం ముందు చదివి, ఆప్షన్లపై ఒక చూపు వేసి, అప్పుడు పైనుంచి చదవండి.

దీనివల్ల పని ఎంత తగ్గుతుందో ఒక చిన్న ఉదాహరణ. 2 కిలోల టమాటాలు, 3 కిలోల ఉల్లిపాయలు కలిపి 170 రూపాయలు. 3 కిలోల టమాటాలు, 2 కిలోల ఉల్లిపాయలు కలిపి 180 రూపాయలు. ఒక్కో కిలో చొప్పున రెండూ కొంటే ఎంత? చాలామంది వెంటనే టమాటా ధర విడిగా, ఉల్లి ధర విడిగా కనుక్కోవడానికి దిగుతారు. అడిగింది రెండింటి మొత్తమే కదా. రెండు వాక్యాలూ కూడితే 5 కిలోల టమాటాలు, 5 కిలోల ఉల్లిపాయలు 350. కిలో చొప్పున 70. అంతే. టమాటా ఉల్లి కంటే ఎంత ఎక్కువ అని అడిగితే ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 10 అని వచ్చేస్తుంది.

రెండు వాక్యాల్లో అంకెలు తారుమారుగా, 2, 3 ఒకచోట, 3, 2 ఇంకోచోట, కనిపిస్తే ఎప్పుడైనా ముందు కూడి చూడండి, తర్వాత తీసి చూడండి.

సమీకరణం సాధించడం వచ్చు, కానీ వాక్యాన్ని సమీకరణంగా మార్చడం దగ్గరే తప్పుతున్నాను. ఏం చేయాలి?

అసలు ఇబ్బంది చాలామందికి ఇక్కడే. షార్ట్‌కట్ల వీడియోలు వంద చూసినా ఇది తీరదు, ఎందుకంటే ఇది లెక్కల సమస్య కన్నా చదవడం సమస్య.

ముందు ఇంగ్లిష్‌లో చదివేవాళ్ల సంగతి. ‘ఫైవ్ లెస్ దేన్ ట్వైస్ ఎ నంబర్’ అని ఉంటే కన్ను ఎడమ నుంచి కుడికి పోతూ 5 − 2స అని రాసేస్తుంది. రాయాల్సింది 2స − 5. ఇదే తెలుగులో ‘ఒక సంఖ్య రెట్టింపు కంటే 5 తక్కువ’ అని ఉంటుంది. మాటలు వచ్చిన వరసలోనే 2స, ఆ తర్వాత −5. కాబట్టి ఇంగ్లిష్‌లో పరీక్ష రాసేవాళ్లు కూడా ఇలాంటి వాక్యం వచ్చినప్పుడు మనసులో ఒకసారి తెలుగులో అనుకుంటే మేలు.

తెలుగులో చదివేటప్పుడు పట్టుకోవాల్సిన మాట ‘కంటే’. శాతాల లెక్కల్లో ‘కంటే’ ఎవరి పక్కన ఉందో వాళ్లే 100. సీత జీతం రవి జీతం కంటే 25 శాతం ఎక్కువ అంటే రవి 100, సీత 125. ఇప్పుడు రవి జీతం సీత జీతం కంటే ఎంత శాతం తక్కువ అని అడిగారు. ‘కంటే’ సీత పక్కకు వెళ్లింది కాబట్టి ఇప్పుడు ఆధారం 125. తేడా 25. 125లో 25 అంటే 20 శాతం. ఆప్షన్లలో 25 తప్పకుండా ఉంటుంది, దాని జోలికి పోకండి.

ఇంకో చిన్న అక్షరం ‘కి’. ధర 20 శాతం తగ్గింది అంటే మిగిలింది 80. ధర 20 శాతానికి తగ్గింది అంటే మిగిలిందే 20. అద్దె వెయ్యి రూపాయలు పెరగడం వేరు, వెయ్యి రూపాయలకు పెరగడం వేరు. అలాగే ‘మొత్తంలో పావు వంతు’, ‘మిగిలినదాంట్లో పావు వంతు’. 36 సెకన్ల హడావుడిలో ఈ తేడాలే ఎగిరిపోతాయి.

మరొక తప్పు ప్రపంచమంతా చేసేదే. ఒక కాలేజీలో ఒక్కో టీచరుకు ఆరుగురు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయండి అంటే 6వ = ట అని రాసేవాళ్లు చాలామంది. అమెరికాలో ఇంజినీరింగ్ విద్యార్థులను అడిగినా ఎందరో ఇదే రాశారు. ‘ఆరుగురు విద్యార్థులు, ఒక టీచరు’ అని మాటల్ని అలాగే దించేయడం వల్ల వచ్చే తప్పు ఇది. ‘వ’ అంటే విద్యార్థి కాదు, విద్యార్థుల సంఖ్య. రాసిన వెంటనే ఒక అంకె వేసి చూడండి. టీచర్లు 10 అయితే విద్యార్థులు 60 ఉండాలి. 6వ = ట ప్రకారం 6 × 60 = 10 అవుతోంది. తప్పని వెంటనే తెలిసిపోతుంది. సరైనది వ = 6ట.

ఈ అంకె వేసి చూసే అలవాటు ఒక్కటి చేసుకోండి. అయిదు సెకన్లు పడుతుంది. దానికన్నా మంచి ఇన్సూరెన్స్ నాకు తెలియదు.

దేన్ని తెలియని రాశిగా తీసుకోవాలి?

అడిగినదాన్ని తీసుకోవడం మామూలు నియమం, ఎందుకంటే జవాబు వచ్చాక మళ్లీ ఇంకో లెక్క చేయక్కర్లేదు. దీనికి రెండు మినహాయింపులున్నాయి. భిన్నాలు తప్పించుకోవాలంటే చిన్న రాశిని తీసుకోండి: తండ్రికి కొడుకు కన్నా 4 రెట్లు వయసు ఉంటే కొడుకు క, తండ్రి 4క. తండ్రిని త అంటే కొడుకు త/4 అవుతాడు, ఇక చివరిదాకా ఆ భిన్నాన్ని మోయాలి. నిష్పత్తి ఇస్తే 5భ, 7భ అని భాగాల్లో రాసుకోండి. రెండు అక్షరాలు అవసరమయ్యే చోట ఒకటితో సరిపోతుంది.

ఎప్పుడు ‘100 అనుకుందాం’ అనొచ్చు?

లెక్కలో అసలు విలువ ఒక్కటీ ఇవ్వకుండా శాతాలో భిన్నాలో మాత్రమే ఇచ్చి, జవాబు కూడా శాతంలోనో నిష్పత్తిలోనో అడిగితే ఏ సంఖ్యైనా అనుకోవచ్చు. అయితే ప్రతిసారీ 100 అనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే. వంటనూనె ధర 20 శాతం పెరిగింది, ఖర్చు పెరగకుండా ఉండాలంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి? 20 శాతం అంటే అయిదో వంతు. కాబట్టి పాత ధర 5, కొత్త ధర 6 అనుకోండి. ఖర్చు అంతే ఉండాలంటే 6 లీటర్లు వాడే ఇల్లు 5 లీటర్లతో సరిపెట్టుకోవాలి. ఆరో వంతు తగ్గింది, అంటే 16⅔ శాతం. 100 అనుకుని ఉంటే 100ని 120తో భాగించుకుంటూ కూర్చునేవాళ్లం.

వేగాల లెక్కల్లో దూరాన్ని రెండు వేగాల క.సా.గు (రెండింటితోనూ భాగించబడే అతి చిన్న సంఖ్య) అనుకోండి. వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60, సగటు వేగం ఎంత? దూరం 120 అనుకుంటే వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లకు 5 గంటలు, సగటు 48. ఆప్షన్లలో 50 మిమ్మల్ని పిలుస్తూ ఉంటుంది.

అసలు విలువ ఒకటి ఇచ్చినా ఈ పద్ధతి పనిచేస్తుంది. జీతంలో 40 శాతం ఇంటి అద్దెకు, మిగిలినదాంట్లో 25 శాతం పిల్లల ఫీజులకు పోగా 13,500 మిగిలింది. జీతం 100 అనుకుంటే అద్దె పోగా 60, ఫీజులు పోగా 45. 45కి బదులు 13,500 ఉంది, అంటే 300 రెట్లు. జీతం 30,000. ఇదేదో కోచింగ్ సెంటర్లు కనిపెట్టిన చిట్కా కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘ఇష్టకర్మ’ అని చెప్పిన పద్ధతి ఇదే: ఇష్టమైన సంఖ్య ఒకటి అనుకో, లెక్క నడుపు, వచ్చినదాన్ని బట్టి అసలు సంఖ్యను సరిచెయ్.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా తెలియాలి. లెక్క మధ్యలో ‘ఇంకో 500 ఇచ్చాడు’, ‘అయిదేళ్ల తర్వాత’ లాంటి స్థిరమైన అంకె కలిస్తే ఆ రెట్ల లెక్క చెల్లదు. అన్నీ గుణకారాలు, భాగహారాలే అయితే అనుకోండి. మధ్యలో కూడికో తీసివేతో దూరితే సమీకరణానికో, కింద చెప్పిన వెనకనుంచి వచ్చే పద్ధతికో మారండి.

పని–రోజుల లెక్కల్లో భిన్నాలతో తల తిరుగుతోంది. వేరే మార్గం ఉందా?

ఉంది, భిన్నాలు రాయకండి. ఒకరు 12 రోజుల్లో, ఇంకొకరు 18 రోజుల్లో పని చేస్తారనుకోండి. 12, 18ల క.సా.గు 36. మొత్తం పని 36 ఇటుకలు అనుకోండి. మొదటివాడు రోజుకు 3, రెండోవాడు రోజుకు 2.

ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు, పని పూర్తవడానికి 3 రోజుల ముందు మొదటివాడు వెళ్లిపోయాడు, మొత్తం ఎన్ని రోజులు పట్టింది? చివరి 3 రోజులూ రెండోవాడు ఒక్కడే 6 ఇటుకలు పేర్చాడు. మిగతా 30 ఇద్దరూ రోజుకు 5 చొప్పున, అంటే 6 రోజులు. మొత్తం 9. సమీకరణంతో చేసినా (ర − 3)/12 + ర/18 = 1 అని రాసి ఇదే 9కి వస్తారు. పంపులు, ట్యాంకుల లెక్కలూ ఇవే, ఖాళీ చేసే పంపుకు మైనస్ పెడితే చాలు.

కోళ్లు, మేకల లెక్కలకు రెండు సమీకరణాలు తప్పనిసరా?

50 తలలు, 140 కాళ్లు. అన్నీ కోళ్లే అనుకుంటే 100 కాళ్లు ఉండాలి. 40 ఎక్కువున్నాయి. ఒక కోడి స్థానంలో మేక వచ్చిన ప్రతిసారీ 2 కాళ్లు పెరుగుతాయి. కాబట్టి 20 మేకలు, 30 కోళ్లు.

ఈ ఆలోచన నేర్చుకుంటే కోళ్లు, మేకలు దాటి చాలా దూరం వెళ్తుంది. ఒక పరీక్షలో 60 ప్రశ్నలు, సరైనదానికి 4, తప్పుకు −1. అన్నీ రాసినవాడికి 130 వచ్చాయి. ఎన్ని సరైనవి? అన్నీ సరైనవే అయితే 240 రావాలి. 110 తగ్గాయి. ఒక్కో తప్పుకు పోయేది 1 కాదు, 5: రావాల్సిన 4 రాలేదు, పైగా 1 పోయింది. 110ని 5తో భాగిస్తే 22 తప్పులు, 38 సరైనవి. 10 రూపాయల, 20 రూపాయల నోట్లు కలిసిన లెక్కలు, రెండు రేట్ల టికెట్లు అమ్మిన లెక్కలు, బారువడ్డీకి రెండు బ్యాంకుల్లో డబ్బు వేసిన లెక్కలు, అన్నీ ఇలాగే విడిపోతాయి.

మిశ్రమాల లెక్కలకు ఎలిగేషన్ అని నేర్పేది కూడా దీని రూపమే. కిలో 60 రూపాయల బియ్యం, 75 రూపాయల బియ్యం కలిపి 65కి రావాలి. 65 నుంచి 60కి దూరం 5, 75కి దూరం 10. దూరాలను తిరగేస్తే 10:5, అంటే 2:1. తక్కువ ధర బియ్యం రెండు పాళ్లు. జవాబు 65 అనేది 60కి దగ్గరగా ఉంది కాబట్టి 60 బియ్యమే ఎక్కువుండాలి. తిరగేయడంలో తడబడితే ఈ ఒక్క ఆలోచన దారిలో పెడుతుంది.

వెనక నుంచి చేయడం ఎప్పుడు మంచిది?

వరసగా కొన్ని మార్పులు జరిగి, చివర ఎంత మిగిలిందో ఇచ్చి, మొదట ఎంత ఉందని అడిగితే. గుళ్లు, పూల లెక్క చాలామంది చిన్నప్పుడే విని ఉంటారు. మూడు గుళ్లు, ఒక్కో గుడి ముందు ఒక కోనేరు. కోనేట్లో పూలు ముంచితే రెట్టింపవుతాయి. ప్రతి గుళ్లో 8 పూలు పెట్టాలి. మూడో గుడి తర్వాత చేతిలో ఏమీ మిగలలేదు. మొదట ఎన్ని పూలున్నాయి? ముందునుంచి వెళ్తే 2(2(2ప − 8) − 8) − 8 = 0 అన్న బారెడు సమీకరణం. వెనక నుంచి అయితే 0కి 8 కలిపితే 8, సగం 4. 8 కలిపితే 12, సగం 6. 8 కలిపితే 14, సగం 7. మొదట ఉన్నవి 7 పూలు.

వెనక్కి వచ్చేటప్పుడు గుణకారం భాగహారం అవుతుంది, కూడిక తీసివేత అవుతుంది. ఆర్యభటుడు ఒక్క శ్లోకంలో చెప్పిన విలోమ విధి ఇదే. ‘డబ్బులో మూడో వంతు బస్సుకు, మిగిలినదాంట్లో నాలుగో వంతు భోజనానికి, ఇంకా 300 ఉంది’ లాంటి లెక్కకు కూడా అంతే: 300 అనేది నాలుగింట మూడు వంతులు కాబట్టి అంతకుముందు 400, అది మూడింట రెండు వంతులు కాబట్టి మొదట 600.

ఆప్షన్ల పద్ధతి ఎక్కడ పనిచేయదు?

ఆప్షన్లలో ‘నిర్ధారించలేం’ లేదా ‘ఇవేవీ కావు’ ఉంటే జాగ్రత్త. అయిదో ఆప్షన్‌గా అది బ్యాంకు పరీక్షల్లో తరచుగా వస్తుంది, నాలుగూ పరీక్షించి చూసేసరికి సమయం అయిపోతుంది. డేటా సఫిషియెన్సీ ప్రశ్నల్లో అడిగేదే సమాచారం సరిపోతుందా అని. అక్కడ జవాబు విలువ అక్కర్లేదు. ఎన్ని తెలియని రాశులున్నాయి, ఎన్ని విడి సమీకరణాలున్నాయి అని చూడాలి. ఆప్షన్లు 16⅔, 18¾ లాంటి భిన్నాలుగా ఉన్నా సమీకరణమే సులువు.

ఆప్షన్లు పెట్టి చూసేటప్పుడు, అవి చిన్న నుంచి పెద్దకు వరసగా ఉంటే మధ్యలోదానితో మొదలుపెట్టండి. ఎక్కువ వచ్చిందా తక్కువ వచ్చిందా తెలిస్తే ఇంకో వైపు ఉన్నవన్నీ ఒకేసారి పోతాయి. రెండంకెల సంఖ్యల లెక్కలకైతే ఈ పద్ధతికి మించింది లేదు. అంకెల మొత్తం 9, తిరగేస్తే 27 పెరుగుతుంది, ఆప్షన్లు 27, 36, 45, 63. తిరగేస్తే పెరగాలి కాబట్టి 63 పోయింది. 36 తిరగేస్తే 63, తేడా 27. అయిపోయింది.

షార్ట్‌కట్ ఫార్ములాలన్నీ కంఠస్థం చేయాలా?

నేనైతే వద్దంటాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆఫీసుకు 10 నిమిషాలు ఆలస్యం, 50తో వెళ్తే 5 నిమిషాలు ముందు, దూరం ఎంత? దీనికి ‘వేగాల లబ్ధం బై వేగాల తేడా, ఇంటూ సమయాల తేడా’ అని ఫార్ములా ఉంది. 2000ని 10తో భాగిస్తే 200, దాన్ని పావుగంటతో గుణిస్తే 50 కిలోమీటర్లు. బాగానే ఉంది. అదే లెక్కలో ‘10 నిమిషాలు ఆలస్యం, 5 నిమిషాలు ఆలస్యం’ అని ఇస్తే ఫార్ములా బట్టీ పట్టినవాళ్లు అప్పుడూ 15 అనే వేస్తారు. వేయాల్సింది 5.

ఇంకోలా ఆలోచించండి. వేగాలు 4:5 అయితే పట్టే సమయాలు 5:4. తేడా ఒక భాగం, అది 15 నిమిషాలు. నెమ్మదిగా వెళ్తే 5 భాగాలు, 75 నిమిషాలు. గంటంపావులో గంటకు 40 చొప్పున 50 కిలోమీటర్లు. ఇది ఫార్ములా అంత వేగంగానే అవుతుంది, పైగా మర్చిపోయేది ఏమీ లేదు.

కంఠస్థం చేయాల్సినవి వేరే ఉన్నాయి. 30 దాకా వర్గాలు, 20 దాకా ఎక్కాలు, 1/12 దాకా భిన్నాలకు శాతాలు: 1/6 అంటే 16⅔, 1/7 అంటే 14 2/7, 1/8 అంటే 12½, 1/12 అంటే 8⅓. ఇవి నోటికి వస్తే సగం లెక్కలు వాటంతటవే చిన్నవైపోతాయి.

ప్రశ్నపత్రం తెలుగులో పెట్టుకోవాలా, ఇంగ్లిష్‌లోనా?

రైల్వే పరీక్షలు తెలుగులో రాయొచ్చు. ఎస్ఎస్‌సీ సీజీఎల్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు ఉన్నచోట తెలుగు మీడియంలో చదివినవాళ్లు తెలుగే పెట్టుకోండి, మొహమాటం అక్కర్లేదు. కానీ అనువాదాలు కొన్నిసార్లు గందరగోళంగా ఉంటాయి. వాక్యం అర్థం కాకపోతే అదే ప్రశ్నను స్క్రీన్‌పై ఇంగ్లిష్‌లో చూడండి. తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే ఖాయమని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. అందుకని సమ్, డిఫరెన్స్, ప్రొడక్ట్, రేషియో, కన్సిక్యూటివ్, అట్‌లీస్ట్ లాంటి ఓ ముప్ఫై మాటలు రెండు భాషల్లోనూ తెలిసి ఉండాలి.

జీఆర్ఈ, శాట్‌లకు కూడా ఇవే పద్ధతులా?

పద్ధతులు ఇవే, వాడే తీరు కొంచెం మారుతుంది. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈ లెక్కల భాగం క్వాంట్‌లో 27 ప్రశ్నలకు 47 నిమిషాలు. శాట్ మ్యాథ్స్‌లో 44 ప్రశ్నలకు 70 నిమిషాలు. బ్యాంకు పరీక్షలు రాసి వెళ్లినవాళ్లకు ఇది చాలా తీరిక అనిపిస్తుంది. ఆ తీరికలోనే ప్రశ్న సగం చదివి పరుగెత్తి పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ ప్రశ్నలు లెక్కించే వేగం కన్నా చదివే శ్రద్ధను ఎక్కువ పరీక్షిస్తాయి.

శాట్‌లో దాదాపు పావు వంతు ప్రశ్నలకు ఆప్షన్లు ఉండవు, జవాబు టైప్ చేయాలి. అక్కడ సమీకరణం రాయడం రాకపోతే దారి లేదు. రాయడం వస్తే మాత్రం, స్క్రీన్‌లోనే గ్రాఫులు గీసే డెస్మోస్ కాలిక్యులేటర్ ఉంటుంది, రెండు సమీకరణాలూ అందులో టైప్ చేస్తే గీతలు ఎక్కడ కలుస్తాయో అదే చూపిస్తుంది. అంటే సాధించే పని యంత్రానిది, వాక్యాన్ని మార్చే పని మీది. జీఆర్ఈలో రెండు రాశుల్లో ఏది పెద్దదని అడిగే ప్రశ్నలకు సంఖ్య అనుకునే పద్ధతి బాగా పనికొస్తుంది. అయితే ఒక్క సంఖ్యతో ఆగకండి. షరతు ఏమీ లేకపోతే 0, 1, ఒక భిన్నం, ఒక రుణ సంఖ్య వేసి చూడాలి. రెండు రకాల జవాబులు వస్తే ‘నిర్ధారించలేం’ అన్నదే సరైనది.

రాకపోతే గుడ్డిగా పెట్టేయొచ్చా?

జీఆర్ఈ, శాట్‌లలో తప్పుకు కోత లేదు కాబట్టి ఖాళీగా వదలడం నష్టం. మన పరీక్షల సంగతి లెక్క వేసి చూద్దాం. సీజీఎల్ టైర్ 1లో సరైనదానికి 2, తప్పుకు −0.5, ఆప్షన్లు 4. గుడ్డిగా పెడితే సగటున వచ్చేది 0.5 − 0.375, అంటే అతి కొద్దిగా లాభమే. రైల్వేలో సరైనదానికి 1, తప్పుకు మూడో వంతు, 4 ఆప్షన్లు: సగటు సరిగ్గా సున్నా. 5 ఆప్షన్లు ఉండి, తప్పుకు ఆ ప్రశ్న మార్కులో పావు పోయే బ్యాంకు పరీక్షల్లోనూ సున్నానే.

అంటే గుడ్డి దెబ్బతో పెద్దగా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. కానీ ఒక్క ఆప్షన్‌ను ఖచ్చితంగా కొట్టేయగలిగితే లెక్క మీ వైపు మొగ్గుతుంది. 4తో భాగించబడాలి, తిరగేస్తే పెరగాలి, సగటు రెండు వేగాల మధ్య ఉండాలి లాంటి చిన్న పరీక్షల విలువ ఇక్కడ తెలుస్తుంది. పూర్తి జవాబు రాకపోయినా రెండు ఆప్షన్లు ఎగిరిపోతే ధైర్యంగా పెట్టండి.

రోజూ ఎన్ని లెక్కలు చేస్తే సరిపోతుంది?

సంఖ్య కన్నా చేసే తీరు ముఖ్యం. ఒకే అధ్యాయం నుంచి వరసగా యాభై చేస్తే పదో లెక్క నుంచి చేయి తనంతట తాను పోతుంది, పద్ధతి ఎంచుకోవాల్సిన పనే ఉండదు. పరీక్షలో లెక్క నుదుటిపై ‘నేను ఎలిగేషన్‌ని’ అని రాసి ఉండదు కదా. అధ్యాయం అర్థమయ్యాక కలగలిపి చేయండి. వారానికి ఒకసారి పాత పేపర్లలోంచి ఇరవై లెక్కలు తీసుకుని, సాధించకుండా ఏ పద్ధతి వాడతారో మాత్రం పక్కన రాసుకుంటూ పోండి. ఇంకో రోజు ఒకే లెక్కను మూడు పద్ధతుల్లో చేసి ఏది తొందరగా అయిందో చూడండి.

తప్పులకు ఒక నోటుబుక్ పెట్టండి. అందులో సరైన సాధన మళ్లీ రాయడం కాదు, తప్పు ఎక్కడ పడిందో ఒక్క మాట రాయండి: తప్పు చదివాను, సమీకరణం తప్పు, కూడిక తప్పు, వేరేది అడిగారు. ఓ నెల తర్వాత ఏ మాట ఎక్కువసార్లు ఉందో చూసి ఆ పనికే సమయం పెట్టండి. కూడికలే తప్పుతున్నవాళ్లు కొత్త షార్ట్‌కట్లు నేర్చుకోవడం దండగ. తప్పు చదువుతున్నవాళ్లు కొన్నాళ్లు టైమర్ పక్కన పెట్టి, చివరి వాక్యం కింద గీత గీసి చదవడం మొదలుపెట్టాలి.